మేఘాల అడవిలో పెళ్లా? ముందు నెల తేల్చుకోండి

తెలుగులో ఎలోప్‌మెంట్‌కి ఉన్న మాట ఒక్కటే, లేచిపోవడం. అందుకే నేను అమ్మకి ఫోన్ చేసి "మేం కోస్టారికా వెళ్లి ఎలోప్ అవుతున్నాం" అంటే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది, "మేం ఒప్పుకున్నాం కదే, ఇంకా లేచిపోవడం ఎందుకు?"

ఇప్పుడు ఆ మాటకి అర్థం మారింది. ఇద్దరు, ఒక లాయరు, ఇద్దరు సాక్షులు, ఒక ఫొటోగ్రాఫర్, అంతే పెళ్లి. ఎనిమిది వందల మందికి భోజనాలు ఉండవు, ఫంక్షన్ హాల్ వాడితో బేరాలు ఉండవు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఇలా ఆలోచించేవాళ్లు చాలామంది నన్ను అడుగుతుంటారు, మధ్య అమెరికా దేశమైన కోస్టారికాలో ఉన్న మోంటెవెర్దేకి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని. హ్యూస్టన్ నుంచి నాలుగు గంటల ఫ్లైట్, మేఘాలు మన పక్కనుంచే నడిచిపోయే అడవి, ఎవరికి ఆశ పుట్టదు! నేను చేసుకున్నది మాత్రం తప్పు నెలలో. మా చెల్లెలు నన్ను చూసి సరైన నెలలో చేసుకుంది. మా ఫ్రెండ్స్ ఇంకో జంట వానాకాలంలో చేసుకుని అందరికంటే తక్కువ ఖర్చుతో బయటపడ్డారు. ఈ మూడు పెళ్లిళ్ల నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం. వాన తక్కువ పడే నెల ఏదో గూగుల్‌లో చూసుకుని టికెట్లు కొనేయకండి. అందరూ చేసే పొరపాటు అదే. అంత దూరం వెళ్లేది మేఘం కోసం. వాన అస్సలు లేని నెలలో మేఘం కూడా రాకపోవచ్చు, మేఘం బాగా వచ్చే నెలలో గాలి చీర లాగేయొచ్చు. గాలి, వాన, ఖాళీ నీలాకాశం, ఈ మూడింటిలో దేన్ని మీరు తట్టుకోగలరో తేల్చుకుంటే నెల దానంతట అదే తేలుతుంది.

అసలు మేఘం ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతాది సులువు. మోంటెవెర్దే అంటే స్పానిష్‌లో పచ్చకొండ. తిలరాన్ కొండల్లో, సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, పైన అడవి ఇంకా ఎత్తు. కరీబియన్ సముద్రం మీదనుంచి వ్యాపార పవనాలు తడిగాలిని మోసుకొచ్చి ఈ కొండకి కొడతాయి, ఆ గాలి పైకెక్కుతూ చల్లబడి మేఘమైపోయి, కొండ నెత్తి మీదున్న చెట్ల మధ్యలోంచి దూరి అవతల పసిఫిక్ వైపు దిగుతుంది, దిగేటప్పుడు మళ్లీ వేడెక్కి కరిగిపోతుంది. అందుకే కొండ అంచున ఉన్న రిజర్వ్‌లో, అంటే కాపాడే అడవిలో, పది అడుగుల దూరంలో మనిషి కనపడని రోజున, నాలుగైదు కిలోమీటర్ల కింద శాంటా ఎలెనా ఊళ్లో ఎండ కాస్తుంటుంది. మన వంజంగి లాంటిది కాదు ఇది. వంజంగిలో మనం పైన నిలబడి మేఘాల్ని కిందకి చూస్తాం, ఇక్కడ మేఘం లోపలే నిలబడతాం. ఈ తేడా మొదట్లో నాకూ అర్థం కాలేదు, ఫొటోల్లో తెల్లటి సముద్రం వస్తుందనుకుని వెళ్లాను, వచ్చింది తెల్లటి గోడ.

అక్కడివాళ్లకి సంవత్సరంలో రెండే కాలాలు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వేసవి, మే నుంచి నవంబర్ దాకా చలికాలం అంటారు. చలికాలం అంటే వానాకాలమే, చలి పెద్దగా మారదు. ఏ నెలలో వెళ్లినా పగలు ఇరవై డిగ్రీల అటూ ఇటూ, రాత్రికి స్వెటర్ కావాలి. కానీ ఈ రెండు కాలాల లెక్క పసిఫిక్ తీరానికి సరిపోయినట్టు కొండ మీద సరిపోదు.

నా సంగతి చెప్తాను. డిసెంబర్ ఆఖరి వారం ఎంచుకున్నాం. ఎందుకంటే ఆఫీసులో షట్‌డౌన్, సెలవులు ఖర్చవవు, గైడ్లలో అప్పటికే వేసవి మొదలైందని రాసుంది. మనవాళ్లలో సగం మంది ఇదే లెక్క వేస్తారు. అమ్మమ్మ ఒక్కతే "ధనుర్మాసంలో పెళ్లేంటే" అని గొడవ చేసింది, మేం వినలేదు. వెళ్లాక తెలిసింది, నవంబర్ ఆఖరి నుంచి జనవరి దాకా ఆ వ్యాపార పవనాలు మంచి జోరు మీద ఉంటాయని. వాన అనడానికి లేదు, కానీ సన్నటి తుంపర అడ్డంగా వస్తుంది. గొడుగు వేస్తే నవ్వుతారు, ఎందుకంటే అది పైనుంచి పడదు, పక్కనుంచి ముఖం మీదకి వస్తుంది. అక్కడ దీన్ని పెలో దె గాతో అంటారు, పిల్లి వెంట్రుక అని. చేతి మీద పడితే నిజంగా అలాగే ఉంటుంది. నా పట్టుచీర పైటకి పదకొండు పిన్నులు పెట్టాం, అయినా మంగళసూత్రం కట్టే టైముకి పైట ఎగిరి మా ఆయన ముఖానికి చుట్టుకుంది. దీపం మూడుసార్లు వెలిగించి వదిలేశాం. తలంబ్రాలు పోయడానికి దోసిట్లో బియ్యం పట్టుకుంటే పోయకముందే సగం గాలికి పోయాయి. ఒక్క మంచి సంగతి, ఎండ, తుంపర కలిసి ఉండే ఆ నెలల్లో ఇంద్రధనుస్సులు తెగ వస్తాయి. మా పెళ్లి ఫొటోల్లో ఒకదాంట్లో రెండున్నాయి. ఆ ఒక్క ఫొటోనే గోడకి పెట్టాం.

పైగా క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో రూమ్ రేట్లు మామూలుకంటే బాగా ఎక్కువ, దారులన్నీ జనం. ఇలాంటి గోలే ఇంకోటి ఈస్టర్ ముందు వారం. సెమానా సాంతా అంటారు, దేశం మొత్తం సెలవు పెట్టి తిరుగుతుంది. ఏటా తేదీ మారుతుంది, మార్చి ఆఖరికో ఏప్రిల్‌కో వస్తుంది. మీ తేదీ దానికి తగలకుండా చూసుకోండి.

చెల్లెలు ఫిబ్రవరి మూడో వారం పెట్టుకుంది. నన్నడిగితే ఉన్నవాటిలో ఇదే మంచి కాలం, జనవరి ఆఖరి పది రోజులు మొదలుకుని ఫిబ్రవరి ఆఖరి దాకా. ఫిబ్రవరి సగం దాటేకొద్దీ గాలి జోరు తగ్గుతూ వస్తుంది, వాన తక్కువ, కానీ కొండ అంచున పొద్దునపూట మేఘం వచ్చే అవకాశం ఇంకా బాగానే ఉంటుంది. అప్పటికి మనకి మాఘం వచ్చేస్తుంది కాబట్టి ముహూర్తాలకీ లోటు ఉండదు, ఇంట్లో పెద్దవాళ్లూ సంతోషం. కెట్సల్ అనే పక్షి, ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి పొట్ట, మూరెడు తోక, గూళ్లు కట్టుకోవడం మొదలుపెట్టేదీ దగ్గరదగ్గర ఆ రోజుల్లోనే. పెళ్లయ్యాక గైడ్‌ని పెట్టుకుని వెతికితే కనపడొచ్చు.

మార్చి, ఏప్రిల్ నెలలు బాగా పొడిగా ఉంటాయి. ఎవరైనా పెద్దవాళ్లు వెంట వస్తున్నారు, జారిపడే బురద వద్దు అనుకుంటే ఇవే నయం. కాకపోతే మొత్తం నీలాకాశం కింద, అడవి ముందు నిలబడి దిగిన మామూలు ఫొటోలతో తిరిగి రావాల్సిన రిస్కు ఉంది. ఇది ఊరికే భయపెట్టడం కాదు. 1970ల నుంచి మోంటెవెర్దేలో పొడి కాలంలో తుంపర పడని రోజులు పెరుగుతూ వచ్చాయని అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, మేఘం అడుగు పైపైకి పోతోందని 1999లోనే రాశారు. బంగారు కప్ప కథ కూడా ఇక్కడిదే. ఆ కొండ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండేది కాదు, నారింజ రంగులో మెరిసేది, ఏడాదంతా కనపడకుండా ఉండి ఏప్రిల్, మే నెలల్లో తొలివానలు పడగానే వేర్ల మధ్య నీటిగుంటల్లో జతకట్టడానికి కొద్ది రోజులు బయటికొచ్చేది. 1987లో పదిహేను వందలకి పైగా లెక్కపెట్టారు, ఆ ఏడాది గుంటలు ఎండిపోయాయి, 1989లో ఒక్కటి కనిపించింది, ఆ తర్వాత లేదు. పెళ్లి వ్యాసంలో ఇదెందుకు అంటారేమో, కానీ అక్కడ గైడ్ ఆ మాట చెప్పాక మేం ఆ గుంటల వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాం.

సరే, వానాకాలం. దీన్ని చూసి అందరూ భయపడతారు గానీ మే, జూన్, జూలైల్లో రోజు ఒక పద్ధతిగా నడుస్తుంది. పొద్దున తెరిపి, మధ్యాహ్నం ఒంటిగంటో రెండో దాటాక కుండపోత, సాయంత్రానికి అడవంతా పొగలు కక్కుతున్నట్టు మేఘం. జూన్ ఆఖర్లో, జూలైలో వాన కాస్త విరామం ఇస్తుంది, వెరానీయో అంటారు, చిట్టి వేసవి. మా ఫ్రెండ్స్ జూలై మొదటి వారంలో పెట్టుకున్నారు. పొద్దున ఏడింటికి పెళ్లి, పదకొండింటికల్లా లాడ్జ్‌లో టిఫిన్, రెండింటికి వాన మొదలయ్యాక కిటికీ దగ్గర కాఫీ. అడవి పచ్చదనం చూడాలంటే ఇప్పుడే చూడాలి, ప్రతి కొమ్మకీ నాచు నీళ్లు కారుతుంటుంది. రూములు చవక. చిక్కల్లా ఒకటే, అది ఆషాఢం. వాళ్ల ఇంట్లో పట్టింపు లేదు కాబట్టి నడిచింది, మీ ఇంట్లో సంగతి మీకే తెలియాలి.

సెప్టెంబర్, అక్టోబర్ వద్దు. ఇంతకంటే చెప్పేదేం లేదు, ఆ రెండు నెలల్లో పొద్దున తెరిపి కూడా నమ్మకం లేదు. హరికేన్లు కోస్టారికాని నేరుగా కొట్టడం అరుదే, కానీ దూరంగా సముద్రంలో తిరిగే తుపాను కూడా ఇక్కడ రోజుల తరబడి వాన కురిపిస్తుంది. 2017 అక్టోబర్‌లో నేట్ తుపాను అలాగే దేశంలో రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయేలా చేసింది. నవంబర్ కూడా సగం దాటేదాకా నమ్మలేం, 2016లో ఓట్టో హరికేన్ నవంబర్ 24న దేశం ఉత్తరభాగం మీదుగానే వెళ్లింది. ఇంకో చిట్కా, తేదీ ఖాయం చేసేముందు ఆ ఏడాది ఎల్ నీన్యోనా (పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఏడాది), లా నీన్యానా (చల్లబడే ఏడాది) చూసుకోండి. ఎల్ నీన్యో ఏడాది పసిఫిక్ వైపు వానలు తగ్గుతాయి, లా నీన్యా అయితే పెరుగుతాయి. జూలై పెళ్లి అనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

ముహూర్తం గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. హైదరాబాద్ పంచాంగం పట్టుకుని వెళ్లకండి, ఆ ఊరి సూర్యోదయానికి లెక్కగట్టించాలి. పంతులుగారికి ఊరి పేరు చెప్తే చేసిస్తారు, మా చెల్లెలికి రాజమండ్రి పంతులుగారే వాట్సాప్‌లో పంపారు. ఒకే ముహూర్తం అడగొద్దు, వరసగా రెండు మూడు పొద్దుల్లో ఏవేవి పనికొస్తాయో అడగండి. ఎందుకో ఆఖర్న చెప్తాను. కోస్టారికా గడియారం ఇండియా కంటే పదకొండున్నర గంటలు వెనక, అక్కడ వాళ్లు ఎండాకాలంలో గడియారం మార్చరు కూడా. అంటే అక్కడ పొద్దున ఏడు అంటే ఇండియాలో ఇంట్లో సాయంత్రం ఆరున్నర, అమ్మానాన్నలు హాయిగా సోఫాలో కూర్చుని వీడియోలో అక్షింతలు వేయొచ్చు. వాతావరణం ప్రకారం కూడా పొద్దున్నే మంచిది, అడవిలో జనం ఉండరు. సాయంత్రం పెట్టుకోవద్దు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏ కాలమైనా ఐదున్నర, ఆరుకల్లా చీకటి పడిపోతుంది, పొగమంచులో ఇంకా ముందే.

చోటు ఎంచుకోవడం కూడా కాలం ఎంచుకోవడంలో భాగమే. పొడి నెలల్లో వెళ్తే కొండ అంచుకి వీలైనంత దగ్గర వెళ్లండి, మేఘం దొరికేది అక్కడే. మోంటెవెర్దే రిజర్వ్‌లో లా వెంతానా అని ఒక చోటుంది, కిటికీ అని అర్థం, అక్కడ నిలబడితే అట్లాంటిక్ వైపు నుంచి వచ్చే గాలి నేరుగా తగులుతుంది. డిసెంబర్‌లో అక్కడ పీటలేసుకోవాలనుకోవడం పిచ్చితనం (ఎవరు అనుకున్నారని అడక్కండి). గాలి నెలల్లో చెట్లు గుబురుగా ఉన్న లోపలి చోటు చూసుకోండి, వానాకాలంలో పైన కప్పు ఉన్న వరండా లాంటిది పక్కనే ఉండాలి. ఆ రిజర్వ్‌ని నడిపేది ప్రైవేటు సంస్థ, పెళ్లి తంతు చేసుకోవాలంటే నెలల ముందే మెయిల్ రాసి అనుమతి అడగాలి. ఆ అనుమతి గొడవ వద్దనుకుంటే అడవి అంచున తోటలున్న లాడ్జ్‌లు చాలా ఉన్నాయి, వాళ్లే ఏర్పాట్లు చేస్తారు. అడవిలో బియ్యం చల్లకండి, నిప్పు పెట్టకండి. పొడుగు ముక్కు, చారల తోకతో పిజోటే అనే జంతువులు ఉంటాయి, మనిషి దగ్గర తిండి ఉందంటే వదలవు. తలంబ్రాలు లాడ్జ్‌లో కింద దుప్పటి పరుచుకుని పోసుకోవచ్చు. 1951లో అమెరికాలోని అలబామా నుంచి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, యుద్ధానికి మేం వెళ్లం అని తేల్చి చెప్పి, సైన్యాన్నే రద్దు చేసుకున్న ఈ దేశానికి వచ్చి ఆవుల్ని పెంచుకున్నారు. వాగు ఎండిపోకూడదని పైనున్న అడవిని నరక్కుండా వదిలేశారు. 1972లో మొదలైన రిజర్వ్ ఆ తర్వాతి కథ. అంత జాగ్రత్తగా కాపాడుకున్న చోట మన గోల కొంచెం తగ్గించుకుంటే మంచిది.

చీర విషయానికొస్తే, ఏ నెలైనా బరువైన పట్టు వద్దు. తుంపర పడ్డచోట మచ్చలు పడుతుంది, తడిస్తే ఎత్తలేం. చెల్లెలు గద్వాల్ కట్టుకుంది, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఫొటోలో పట్టుచీరలాగే ఉంది, గంటలో ఆరిపోయింది. కింద ట్రెక్కింగ్ బూట్లు వేసుకుంది, కుచ్చిళ్లు మడమకి రెండంగుళాలు పైకి. ఫొటోగ్రాఫర్‌కి కూడా ఒక మాట చెప్పండి, ఏసీ కార్లోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అరగంట ముందే కెమెరా బయటపెట్టి ఉంచాలి.

సామాను ఇక్కడినుంచి మూటలు కట్టుకెళ్లొద్దు. పూలు, ఆకులు, గింజలు ఎయిర్‌పోర్టులో ఆపుతారు. సూత్రాలు, పసుపుతాడు, మట్టెలు, చిన్న కుంకుమ భరిణ చాలు. బియ్యం అక్కడివాళ్ల రోజువారీ తిండి, కొబ్బరికాయ దొరుకుతుంది, జీలకర్రని కొమినో అంటారు, ఏ కొట్లో అడిగినా ఇస్తారు. మాకు టెన్షన్ పెట్టింది బెల్లం ఒక్కటే. చివరికి శాంటా ఎలెనాలో ఒక కిరాణా కొట్లో అల్మారా కింది అరలో కనపడింది. తాపా దె దుల్సె అంటారు, ముదురు గోధుమరంగులో, మొన తెగ్గోసిన శంఖువు ఆకారంలో ఉంటుంది, చెరుకు రసం కాచి చేసిన అచ్చమైన బెల్లం. లాడ్జ్ వంటింట్లో కాఫీ కప్పు అడుగుతో దాన్ని జీలకర్రతో కలిపి నూరాను. వంటావిడ వచ్చి వాసన చూసి, ఇది నెత్తిన పెట్టుకుంటారా అని రెండుసార్లు అడిగింది.

కాగితాల సంగతి గబగబా. కోస్టారికాలో నోటరీ లాయరు చట్టప్రకారం పెళ్లి చేయిస్తారు, పాస్‌పోర్టులు, పెళ్లి కాలేదన్న ప్రమాణం, చుట్టాలు కాని ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్టర్ అయి సర్టిఫికెట్ చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. మేమైతే టెక్సస్‌లో కౌంటీ ఆఫీసులో సంతకాలు పెట్టేసి, అక్కడ తంతు మాత్రం చేసుకున్నాం, అదే సుఖం. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కోస్టారికా వీసా రూల్ ఏముందో కాన్సులేట్‌లో కనుక్కున్నాకే టికెట్ కొనండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ గడువు తీరిపోయుంటే చేతిలో 797 ఆమోదపు కాగితం ఉన్నా అక్కడినుంచి వెనక్కి రానివ్వరు. కెనడా, మెక్సికోలకి ఉన్న వెసులుబాటు ఈ దేశానికి లేదు.

ఇక ఆఖర్న చెప్తానన్నది. నెల ఎంత బాగా ఎంచుకున్నా, ఒక్క పొద్దు మీద పందెం కాయకండి. నాలుగు రాత్రులు ఉండండి. మొదటి రోజు ప్రయాణంతోనే పోతుంది, శాన్ హొసే నుంచి కారులో మూడు నాలుగు గంటలు, చీకటి పడకముందే కొండెక్కేయాలి. రెండో పొద్దు పెళ్లికి, మూడో పొద్దు చేతిలో ఉంచుకోండి, లాయరుకీ ఫొటోగ్రాఫర్‌కీ బుక్ చేసేటప్పుడే ఈ మాట చెప్పి రాయించుకోండి. ముందు రోజు సాయంత్రం లాడ్జ్‌లో పనిచేసే వాళ్లని అడగండి, రేపు గాలి ఎలా ఉంటుందని. ఫోన్‌లో వాతావరణం యాప్ ఆ కొండకి పనికిరాదు, ఏ రోజు చూసినా వాన బొమ్మే చూపిస్తుంది.

చెల్లెలి పెళ్లి రోజు పొద్దున ఆరున్నరకి బయటికొచ్చి చూస్తే ఒక్క మబ్బు లేదు. ముహూర్తం ఏడూ ఐదు మొదలు ఎనిమిదింటి దాకా ఉంది. ఏడూ ఐదు అయింది, ఏడూ పది అయింది, ఫోన్‌లో అమ్మ "ఇంకా రాలేదా" అని, మేఘం కాదు పంతులుగారు రావాలన్నట్టు అడుగుతోంది. వీడియో పట్టుకుని నిలబడ్డ నాకే చేతులు లాగుతున్నాయి. ఏడూ నలభైకి కొండ అంచున చెట్ల చివర్లు ముందు బూడిదరంగు తిరిగాయి, తర్వాత కనపడకుండా పోయాయి, ఆ తెలుపు మెల్లిగా బాట మీదకి దిగి మా కాళ్ల దగ్గరికి వచ్చింది. బావ జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని రెడీగా ఉన్నాడు. అమ్మ మాత్రం అటువైపు నుంచి "ఏమే, కెమెరా తుడువు, ఏం కనపడట్లేదు" అంటూనే ఉంది.